కొటేషన్లలో నాన్న

పోయిన వారం మాస్టారిని మనం స్టాఫ్‌రూమ్‌లో, చేతిలో ఒక వ్యాసంతో వదిలి వచ్చాం. 'మీ ఇంట్లో వాడే ఒక మాట గురించి రాయండి' అని తరగతికి ఆయనే ఇచ్చిన పని అది. వ్యాసాల మీద పేర్లుండవు, నంబర్లే. ఒకరు 'సర్లే' గురించి రాశారు, ఒకరు 'తర్వాత చూద్దాం' గురించి రాశారు. ఈ వ్యాసం మాత్రం 'నాన్న' గురించి. ఆ మాట ఎక్కడ వచ్చినా దానికి అటూ ఇటూ కొటేషన్ గుర్తులు కాపలా ఉన్నాయి. ఎవరు రాశారో మాస్టారికి నంబరు చూడకుండానే తెలిసిపోయింది. భార్య మొదటి పెళ్ళి నాటి కూతురు, నాలుగేళ్ళప్పటి నుంచీ తన ఇంట్లో పెరిగిన పిల్ల, ఈ ఏడు తన తరగతిలోనే విద్యార్థిని. ఇంట్లో ఆయన పెట్టిన ముద్దుపేరు పిచ్చుక. ఆ కాగితాలను ఆయన కట్టలోంచి తప్పించి సంచిలో దాచేశారు. మిగతా వ్యాసాలన్నీ దిద్ది పంచేశారు.

దాచింది ఎన్నాళ్ళు దాగుతుంది? ఆ మధ్యాహ్నం తలుపు మీద రెండుసార్లు చప్పుడైంది.

"లోపలికి రావచ్చా సర్?"

కాలేజీలో 'సర్' అనే పిలవాలన్నది మాస్టారు పెట్టిన నియమమే. తన పిల్ల కదా అని ఎవరూ వేలు చూపించకూడదని పెట్టారు. ఇవాళ ఆ మాట చెవిలో పుల్ల పెట్టి తిప్పినట్టుంది.

స్టాఫ్‌రూమ్‌లో ఇంకెవరూ లేరు. మూల ప్రింటర్ ఎవరో సగంలో వదిలేసిన కాగితాన్ని నోట కరుచుకుని కూర్చుంది. కిటికీ గడియ ఊడిపోతే దారంతో కట్టారు, గాలికి అది టకటకమంటోంది. పిచ్చుక లోపలికొచ్చి బల్లకి ఇవతలే ఆగింది.

"అందరి వ్యాసాలూ ఇచ్చేశారు. నాది రాలేదు."

"నంబరెంత?" అన్నారు మాస్టారు, తెలిసే.

చెప్పింది. ఆయన కాగితాల కట్ట వైపు చెయ్యి చాచి, చాచిన చెయ్యి వెనక్కి తీసుకుని, కుర్చీకి తగిలించిన సంచిలోంచి వ్యాసం బయటికి తీశారు. పక్కనే ఉన్న అన్నం డబ్బా మూత తగిలి కాగితం అంచుకి జిడ్డు మరక పడింది.

పిచ్చుక ఆ మరక చూసింది. "విద్యార్థుల కాగితాలు ఇంటికి తీసుకెళ్ళకూడదు కదా సర్. హెడ్ మేడమ్ గారు మొదటిరోజే చెప్పారు."

"నేను దిద్దాక రెండోసారి ఆవిడే చదవాలి వీటిని. ఆవిడ చదవకూడదని తీసుకెళ్ళాను."

"మీ పరువు పోతుందనా?"

"నీ పరువు."

"నాకేం ఇబ్బంది లేదు సర్. చదవనివ్వండి."

మాస్టారికి కాలేజీలో 'కామా మాస్టారు' అని పేరు. పిల్లలు చాటుగా అనుకుంటారనీ, ఆయనకి తెలియదనీ వాళ్ళ నమ్మకం. తెలుసు. పైగా లోలోపల ఆ పేరంటే ఇష్టం కూడా. కోపం వచ్చినా, దుఃఖం వచ్చినా ఆయనకి చేతనైంది ఒక్కటే, ఎర్ర పెన్ను మూత తీయడం. ఇప్పుడూ తీశారు.

"కూర్చో. కొటేషన్ గుర్తులు ఎప్పుడు వాడాలో చెప్పు."

"ఇదేం వైవా సర్?"

"చెప్పు."

పిచ్చుక కూర్చోలేదు. క్లాసులో లేచి అప్పజెప్పే పిల్లలాగే చేతులు వెనక్కి కట్టుకుంది. "ఎదుటివాళ్ళ మాటని ఉన్నదున్నట్టు తెచ్చినప్పుడు. పుస్తకంలోని ఒక వ్యాసం పేరో కథ పేరో చెప్పినప్పుడు. పుస్తకం పేరైతే వాలు అక్షరాలు, ఇటాలిక్స్. ఇంకా, ఒక మాట మీద మనకి నమ్మకం లేదని తెలియజెయ్యడానికి కొందరు వాడతారు. అది మీకు నచ్చదు. ధైర్యముంటే ఎగతాళి నేరుగా చెయ్యండి, గుర్తుల చాటున నిలబడి రాయి విసరకండి అన్నారు."

"అన్నాను కదా. మరి నువ్వు చేసిందేమిటి? నాలుగు పేజీల నిండా రాళ్ళే."

"అవి రాళ్ళు కావు సర్."

"నన్ను నాన్న అనుకోవడం నీకు ఇష్టం లేకపోతే అదే ముక్క పుల్ల విరిచినట్టు రాయాల్సింది. ఈ గుర్తుల్లో పెట్టి వెక్కిరించడం దేనికి?"

"వెక్కిరింత కాదు. మీరు చెప్పిన మొదటి నియమం. ఎదుటివాళ్ళ మాట." పిచ్చుక గొంతు పెంచలేదు. "ఆ మాట నాది కాదు. అమ్మది. అమ్మ మాటని అమ్మ మాటగానే పెట్టాను. పెట్టకపోతే దాన్ని నా సొంతమాటలా దొంగతనంగా వాడుకున్నట్టు అవుతుంది కదా."

మాస్టారు పెన్ను బల్ల మీద పెట్టారు.

"నాకు ఆరేళ్ళప్పుడు అమ్మ నన్ను వంటింటి గట్టు మీద కూర్చోబెట్టి చెప్పింది. రేపటి నుంచి అంకుల్ అనకు, నాన్నా అను అని. ఎందుకంటే, ఇల్లు నిలబడాలంటే అనాలి అంది. పొద్దుపోయేదాకా గట్టు మీదే ప్రాక్టీసు చేయించింది. మర్నాడు మీరు గుమ్మంలో చెప్పులు విప్పుతుంటే అన్నాను. మీరు ఒక చెప్పు కాలికి ఉండగానే అలా ఆగిపోయారు. మీ మొహం చూసి నాకు భయమేసింది సర్. ఈ మాట ఇంక ఎప్పటికీ వెనక్కి తీసుకోలేనేమోనని."

కిటికీ దారం తెగిందో ఏమో, రెక్క ఒకసారి గట్టిగా కొట్టుకుని ఆగింది. మాస్టారు లేచి దాన్ని మూయలేదు. గుమ్మంలో ఒంటి చెప్పుతో నిలబడ్డ ఆ సాయంత్రం ఆయన ఎంతమందికి చెప్పుకున్నారు. 'ఎవరూ చెప్పలేదు, దానంతటదే అంది' అని స్టాఫ్‌రూమ్‌లో చెప్పారు, మంగలి షాపులో చెప్పారు, రైల్లో ఎదురుసీటు మనిషికి చెప్పారు. విన్నవాళ్ళందరూ తలూపారు. ఆయనకి పిల్లలు పుట్టలేదు. పుట్టకపోయినా ఫర్వాలేదని ధైర్యం వచ్చింది ఆ సాయంత్రమే. ఆ రాత్రి వంట చేస్తూ భార్య కూడా నవ్వింది, 'అవునా, అందా' అని.

"నిన్ను నేను తక్కువ చూశానా?" అన్నారు చివరికి. అడగకూడదనుకున్న మాట. నోరు జారింది.

"లేదు. అదీ రాశాను, రెండో పేజీలో. కిటికీ అద్దం మీద ఆవిరి పడితే వేలితో అక్షరాలు దిద్దించారని. జ్వరమొస్తే మంచం పక్కన నేల మీద పడుకున్నారని. అమ్మ పుట్టినరోజుకి నేను చేసిన కార్డులో ఎర్ర పెన్నుతో కామా పెట్టారని కూడా రాశాను. అమ్మ ఆ కార్డు చూసినప్పుడు ముందు మీ కామానే కనబడింది."

"తప్పుంటే దిద్దుతాం. దిద్దకపోతే అది ప్రేమా?"

"ఏమో సర్. నాకు తెలిసిన ప్రేమంతా దిద్దుబాట్లే."

మాస్టారు వ్యాసం చేతిలోకి తీసుకుని చివరి పేజీ తిప్పారు. నిజానికి ఇన్ని రోజులుగా ఆయన్ని బతికించింది ఆ పేజీయే. అక్కడ ఒక్క వాక్యంలో మాత్రం 'నాన్న'కి కొటేషన్లు లేవు. మాట వాలు అక్షరాల్లో ఉంది. 'నాన్న ఎదురుగా కూర్చున్నప్పుడు నాకు మాట రాలేదు.' ఆ వాక్యాన్ని ఆయన ఎన్నిసార్లు చదువుకున్నారో. పిల్ల కోపంతో నాలుగు పేజీలు రాసింది, ఆఖరికి మనసు ఆపుకోలేక ఒక్కసారి అసలు మాట అనేసింది, అని తనకి తానే సర్దిచెప్పుకున్నారు. ఎడారిలో వేలెడు పచ్చిక.

"ఇక్కడ గుర్తులు లేవు," అన్నారు, వీలైనంత మామూలుగా. "ఇటాలిక్స్ పెట్టావు. పొరపాటా?"

"కాదు. గట్టిగా పలకాల్సిన మాటకి ఇటాలిక్స్ వాడొచ్చు, పేజీకి ఒకసారికి మించకుండా అన్నారు. నేను మొత్తం వ్యాసానికి ఒక్కసారే వాడాను."

"అంటే..." మాస్టారు ఆ వాక్యం కింద వేలు పెట్టారు. "ఇక్కడ మాత్రం మనస్ఫూర్తిగా అన్నావన్నమాట."

పిచ్చుక అప్పుడు కూర్చుంది. ఇంతసేపూ నిలబడే మాట్లాడిన పిల్ల కుర్చీ లాక్కుని కూర్చునేసరికి మాస్టారు కాగితాలు బల్ల మీద పెట్టేశారు.

"అది మీరు కాదు సర్."

"మరి?"

"ఆ మాట నిజంగా ఎవరికి చెందుతుందో ఆ మనిషి."

అంటే పిచ్చుకని కన్న తండ్రి, భార్య మొదటి భర్త, ఎప్పుడో పోయాడని తను విన్న మనిషి. "చనిపోయిన మనిషి నీ ఎదురుగా ఎలా కూర్చుంటాడమ్మా?"

"నేనూ అదే అడిగాను. ఆయన నవ్వి ఇంకో టీ చెప్పారు." పిచ్చుక ఎడమచెయ్యి బల్ల మీద పెట్టింది. చిటికెన వేలు పైకణుపు దగ్గర కొంచెం వంకర. చిన్నప్పటి నుంచీ మాస్టారు ఎరిగిన వేలే. "ఆయనదీ ఇలాగే ఉంటుంది. లైబ్రరీ ఎదురు టీ కొట్టులో కలిశారు. ముందు నమ్మలేదు. నా మోకాలి కింద మచ్చ ఎలా పడిందో చెప్పారు. ఆయన పాదం తగిలి వేడినీళ్ళ గిన్నె ఒలికిందట. అమ్మ నాకు మెట్ల మీద పడ్డావని చెప్పింది."

మాస్టారు బల్ల మీది ఎర్ర పెన్నుకి మూత పెట్టారు.

"మీకు తెలిసే దాచారనుకున్నాను. అందుకే ఆ వ్యాసం అలా వచ్చింది. ఇప్పుడు మీ మొహం చూస్తుంటే..." పిచ్చుక తల తిప్పుకుంది. "మీకూ తెలీదు."

"ఎవడో మోసగాడు. నీకు వయసు చాలదు, ఇలాంటివి..."

"అమ్మకీ ఆయనకీ విడాకులు కూడా కాలేదట సర్." ఆ మాట అంటున్నప్పుడు పిల్ల గొంతులో జాలి లేదు, కసి కూడా లేదు, అరిగిపోయిన విసుగే ఉంది. "ఇంక మీ పెళ్ళికి ఏ గుర్తు పెట్టాలో మీరే చెప్పాలి."

మాస్టారు చెయ్యి లేచింది. కొట్టడానికి కాదు, ఆపమనడానికి. అయినా పిచ్చుక కుర్చీతో సహా వెనక్కి జరిగింది. ఇన్నేళ్ళలో ఆయన ఆ పిల్ల మీద చెయ్యెత్తలేదు. ఎత్తలేదని ఇద్దరికీ తెలుసు. అయినా జరిగింది.

"నేనీ పూట హాస్టల్లో ఫ్రెండు దగ్గరుంటాను," అంది లేచి నిలబడి. "అమ్మని మీరే అడగండి. నేనడిగితే ఏడుస్తుంది, అంతే. నా వ్యాసం దిద్ది ఇవ్వండి సర్. మార్కులు తక్కువేసినా సరే."

తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేసి వెళ్ళింది.

ఆ సాయంత్రం మాస్టారు బస్సెక్కలేదు, నడిచారు. కుట్టు మిషన్ల వీధి, టైర్ల దుకాణాల వీధి, గోడ కూలగొడుతున్న ఒక ఇల్లు. దారిలో ఒక షాపు బోర్డు మీద 'తాజా' కూరగాయలు అని కొటేషన్లలో రాసి ఉంది. మామూలు రోజైతే ఆగి నవ్వుకునేవారు, మర్నాడు క్లాసులో చెప్పేవారు. ఇవాళ తల దించుకుని దాటిపోయారు. అక్కని తలుచుకున్నారు. అమ్మానాన్నా పోయాక తనని పెంచింది అక్కే. ఈ సంబంధం చూసిందీ అక్కే. కళ్ళద్దాల కోసం ఒక దుకాణానికి వెళ్ళి, అక్కడ పనిచేసే అమ్మాయిని చూసి వచ్చి చెప్పింది, 'మనిషి నెమ్మదస్తురాలు. చిన్నపిల్ల ఉంది. మొగుడు పోయాడట' అని. అంతకన్నా మాస్టారు ఏమీ అడగలేదు. పోయిన మనిషి గురించి తవ్వి అడగడం మర్యాద కాదనుకున్నారు.

ఇంటికి వచ్చేసరికి భార్య దుకాణం నుంచి అప్పుడే వచ్చినట్టుంది. పగలంతా నిలబడే ఉద్యోగం. స్టూలు మీద కూర్చుని కాళ్ళు వేడినీళ్ళ బకెట్‌లో పెట్టుకుని ఉంది.

"పిచ్చుక రాలేదా?" అంది.

"హాస్టల్లో ఉంటుందట." ఆయన సంచి దించలేదు. దారిపొడవునా అల్లుకున్న వాక్యాలన్నీ ఎక్కడికో పోయాయి. "లైబ్రరీ దగ్గర దానికి ఎవరో కనబడ్డాడట. తనే దాని నాన్ననని చెప్పాడట."

బకెట్‌లో నీళ్ళు కదలడం ఆగింది. మాస్టారు ఆమె మొహమే చూస్తున్నారు. 'అదేంటి, ఆయన పోయాడు కదా' అంటుందని చూస్తున్నారు. ఆ ఒక్క మాట అంటే చాలు, తక్కిన జీవితమంతా నమ్మేస్తాననుకుంటూ చూస్తున్నారు.

"మళ్ళీ వచ్చాడా?" అంది ఆమె.

ఆయన గోడకి ఆనుకున్నారు. మాటలు తూచి బతికే మనిషికి 'మళ్ళీ' అన్న ఒక్క మాట చాలు.

"మొదటిసారి ఎప్పుడు?"

"పోయినేడు. మా దుకాణానికే వచ్చాడు, కళ్ళు చూపించుకోడానికి. నేనే కూర్చోబెట్టాను. పైవరుస చదవండి అన్నాను, చదివాడు. కింది వరుస అన్నాను, చదివాడు. గుర్తుపట్టలేదు, బతికానురా దేవుడా అనుకున్నాను. చివరి వరుస చదివి, నువ్వు సన్నబడ్డావు అన్నాడు."

"నాకెందుకు చెప్పలేదు?"

"ఏమని చెప్పాలి?"

"బతికున్న మనిషిని చచ్చాడన్నావు. అది నాకు చెప్పక్కర్లేదా? ఇంత మోసం నోట్లో పెట్టుకుని పక్కన ఎలా పడుకున్నావు?"

ఆమె కాళ్ళు బకెట్‌లోంచి తీసి తువ్వాలు మీద పెట్టుకుంది. ఏడవలేదు. పిచ్చుక లెక్క తప్పింది.

"చచ్చాడని నేనెప్పుడూ అనలేదండీ. మీ అక్కయ్యగారు అడిగినప్పుడు, వదిలేసి పోయాడు అన్నాను. మీ దాకా వచ్చేసరికి 'పోయాడు' మిగిలింది. మధ్యలో ఆ ముందుమాట ఎవరు మింగారో నాకు తెలీదు. మీకు చెప్పారనే అనుకున్నాను. రిజిస్ట్రార్ ఆఫీసులో ఆ గుమాస్తా 'మొదటి భర్త?' అంటే మీ అక్కయ్యగారే అందుకుని, పోయాడు, అన్నారు. అతను 'అయ్యో' అన్నాడు. అప్పటికి గానీ నాకు తెలియలేదు, అందరూ ఏమనుకుంటున్నారో."

"అప్పుడే చెప్పొచ్చుగా."

"చెప్పాలనే తలెత్తాను. మీరు పిల్లని ఎత్తుకుని నిలబడ్డారు. అది మీ భుజం మీద నిద్రపోతోంది. మీరు కదిలితే లేస్తుందని, ఊపిరి కూడా మెల్లిగా తీస్తున్నారు." ఆమె తువ్వాలు మడత పెట్టింది. "నోరు రాలేదు. ఆ తర్వాత ప్రతిరోజూ నిన్నటికన్నా కష్టమైపోయింది. మీరేనా, ఎలా పోయాడు, ఏం జబ్బు, అని ఇన్నేళ్ళలో ఒక్కసారి అడిగారా? నా చీటీల్లో అక్షర దోషాలు దిద్దారు. ఇదొక్కటి మాత్రం అడగలేదు."

మాట మధ్యలో ఒక ముక్క తీసేస్తే అక్కడ మూడు చుక్కలు పెట్టాలి, పెట్టకపోతే అది కొటేషన్ కాదు, అబద్ధం. ఎన్ని తరగతులకి చెప్పారు ఆయన ఆ సంగతి. చుక్కలు లేని అబద్ధాన్ని తెచ్చి చేతిలో పెట్టింది అక్క. అక్క మాట కదా అని మూలం ఏమిటో చూడకుండా పుచ్చుకుని, దాని మీద ఇల్లు కట్టుకున్నది తను.

"అక్కకి తెలుసా?" అన్నారు. "ముక్క తప్పిపోయిందా, తెలిసే తీసేసిందా?"

"నన్నడుగుతారేం? ఆవిణ్ణే అడగండి."

అక్క ఊరికి అవతలి చివర, రెండు గదుల ఫ్లాట్‌లో ఒంటరిగా ఉంటుంది. బావ పోయి చాలా కాలమైంది. నిజంగానే పోయాడు, మాస్టారే దగ్గరుండి అన్నీ చేశారు. తొందరగా పడుకునే అలవాటు ఆవిడకి. వెలుతురు ఇంకా ఉంది, మేలుకునే ఉంటుంది. మాస్టారు నిలబడే నంబరు నొక్కారు. మొదటిసారి తప్పు నంబరు పోయింది. రెండోసారి మోగింది. భార్య స్టూలు మీంచి లేవలేదు, ఆయన్నే చూస్తోంది.

చాలాసేపు మోగాక ఎవరో ఎత్తారు.

"అక్కా," అన్నారు మాస్టారు. "ఒక్కటే అడుగుతాను, సూటిగా చెప్పు. పిచ్చుక వాళ్ళ నాన్న బతికున్నాడని నీకు ముందే తెలుసా?"

అవతల టీవీ చప్పుడు వినబడుతోంది. ఎవరో దాన్ని తగ్గించారు.

"మీ అక్కయ్యగారు వంటింట్లో ఉన్నారండీ, టీ పెడుతున్నారు," అన్నది ఒక మగ గొంతు, నింపాదిగా, చుట్టరికం ఉన్నవాడిలా. "మాస్టారేనా? మీ ఫోనొస్తుందనే కూర్చున్నాం. ఇంతకీ ఎలా రాస్తోందండీ మా అమ్మాయి?"